ఏ కాలానికి ఏ పురుగు

గుడ్డు కూడా ఉడకని ఇంట్లో పుట్టి పెరిగి, అలాంటి ఇంటికే కోడలిగా వెళ్ళి, యాభై దగ్గరపడ్డాక చేపకి ఏ కాలంలో ఏం పెడితే నోరు తెరుస్తుందో నేర్చుకోవలసి వచ్చింది నాకు. చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఏడాది నేను దేవుణ్ణి అడిగినవాటిలో ఒక చేప కూడా ఉందంటే నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తికాకుండానే ఏడుపూ వస్తుంది.

ఈ పిచ్చి మా ఆయనది. మెల్‌బోర్న్ వచ్చిన కొత్తల్లో ఆఫీసువాళ్ళు అందర్నీ కొండల్లోకి తీసుకెళ్ళారు. అక్కడ ఎవరో ఆయన చేతికి సన్నటి కర్ర ఒకటి ఇచ్చి ట్రౌట్ చేపని పట్టడం చూపించారు. వానపామును గుచ్చి గంటలకొద్దీ కూర్చునే పని కాదిది. గాలం ముల్లుకి దారం, ఈకలు, కుందేలు వెంట్రుకలు చుట్టి ఉత్తుత్తి పురుగును తయారుచేస్తారు. దాన్ని ఫ్లై అంటారు. ఆ రోజు నది మీద ఏ పురుగు తిరుగుతోందో చూసి, అచ్చం అలాంటిదే కట్టి, నిజం పురుగు వాలినంత మెత్తగా నీళ్ళ మీద వాల్చాలి. చేప నమ్మితే పడుతుంది. పడ్డాక ముల్లు తీసి మళ్ళీ నీళ్ళలోకి వదిలేయవచ్చు. ఆ వదిలేయడమే ఆయనకు నచ్చింది. చంపక్కర్లేదు, తినక్కర్లేదు.

"తినని చేప కోసం ఇంత దూరం పెట్రోలు తగలేసేవాళ్ళని మిమ్మల్నే చూశాను" అని దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. శనివారం వచ్చిందంటే నేను లేచేసరికే నగర శివార్లలోని ట్రుగనీనాలో మా ఇంటి ముందు కారు ఉండేది కాదు. సాయంత్రం తడిసిన ప్యాంటుతో వచ్చి, పట్టి వదిలేసిన చేపల గురించి వంటింట్లో నా వెనకాలే తిరుగుతూ చెప్పేవారు. నేను వినేదాన్ని కాదు. పోపులో పడిపోయి ఊఁ కొట్టేదాన్ని.

తర్వాత కళ్ళ జబ్బు వచ్చింది. గ్లాకోమా అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతోందట. చుట్టుపక్కల చూపు ముందు పోతుంది, ఎదురుగా ఉన్నది చాలావరకు చివరిదాకా నిలుస్తుంది అని డాక్టరు చెప్పాడు. చుక్కల మందులయ్యాయి, లేజరయ్యింది, ఆపరేషనయ్యింది. "గొట్టంలోంచి చూసినట్టుంది, అంతే. ఎదురుగా ఉన్నది కనిపిస్తోందిగా" అనేవారు ఆయన. నేను ఆ మాట పట్టుకుని బతికాను. కంప్యూటర్లో అక్షరాలు వెతుక్కోలేక ఉద్యోగం మానేశారు. ఒకరోజు కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

అప్పుడే నేను మామిడిపండు వదిలేశాను. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి వదిలేసి వస్తారు కదా, నేను వంటింట్లోనే దేవుడి పటం ముందు నిలబడి ఆయన కళ్ళ కోసం వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మొక్కు పలచబడుతుందని మా అమ్మమ్మ అనేది. రెండు ఎండాకాలాలు బండెడు పళ్ళు కోసి ఆయనకీ అమ్మాయికీ పెట్టి, టెంక కూడా చీకకుండా చేతులు కడుక్కున్నాను. దేవుడు నా మామిడిపండునైతే తీసుకున్నాడు, బదులుగా ఏమీ ఇవ్వలేదు.

ఆయన మాటలు తగ్గాయి. సోఫాలో కూర్చుంటే సోఫాలోనే, మంచమెక్కితే మంచం మీదే. స్నేహితుల ఇళ్ళలో భోజనాలకి పిలిస్తే తలనొప్పి. ఒకరోజు నేను చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే, ఎదురుగా కూర్చుని, "నేను పోతే నీకూ అమ్మాయికీ హాయి" అన్నారు. కోపంతో అనుంటే పోట్లాడేదాన్ని. సాయంత్రం వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అన్నారు. మర్నాడే డాక్టరుకి చెప్పాను. మాత్రలు రాశాడు, మనసు విప్పి మాట్లాడటానికి కౌన్సెలరు దగ్గరికి పంపాడు. ఆయన అక్కడికి ఒకసారి వెళ్ళి, గోడ వైపు మొహం పెట్టి కూర్చుని వచ్చారు.

నది మాటెత్తితేనే ఆ మొహంలో కాస్త కదలిక ఉండేది. ఇక్కడ చలికాలమంటే జూన్ నుంచి ఆగస్టు. అప్పుడు నదుల్లో ట్రౌట్ పట్టనివ్వరు, మళ్ళీ సెప్టెంబరులో, వసంతం రాగానే తెరుస్తారు. ఆ సెప్టెంబరులో నేనే స్టీరింగు పట్టుకున్నాను. హీల్స్‌విల్ దాటాక వచ్చే కొండ మలుపులంటే నాకు ప్రాణభయం. వెనక లారీ హారను కొడుతుంటే రామ రామ అనుకుంటూ బక్స్‌టన్ ఊరి అవతల, నదిలో ఆయనకు తెలిసిన వంపు దాకా వెళ్ళాం. అక్కడ కారు దిగుతూ ఆయన అన్నారు: "ఇదిగో, మళ్ళీ చలి ముదిరేలోగా ఒక్కటన్నా పడాలి. పడకపోతే ఈ కర్ర ఎవరికన్నా ఇచ్చేద్దాం. ఇక నిన్ను రమ్మని అడగను."

కర్ర ఇచ్చేస్తే ఆ తర్వాత ఆయన ఏం చేస్తారో ఆలోచించే ధైర్యం నాకు లేదు. చిక్కుడుకాయల రోజు నా చెవిలోంచి పోలేదు. అంచేత నాకు ఒక చేప కావాలి. ఏ చేపైనా సరే, వేలెడంతదైనా సరే.

ముల్లు కన్నంలోంచి దారం దూర్చడం ఆయనవల్ల కాదు కాబట్టి పురుగును ఎంచడం, కట్టడం నా వంతయ్యాయి. పెట్టె తెరిస్తే లోపల గళ్ళు గళ్ళుగా ఈకల పురుగులు. ఒకదానికి మీసాలు, ఒకదానికి తోక. పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చెప్పేవారు, నేను తాకి చూపించేదాన్ని. వసంతంలో కొండల మీద మంచు కరిగి నీళ్ళు నిండుగా, మా ఇంటి టీ రంగులో వస్తాయి. చేప చలికి అడుగునే పడుకుంటుంది. పైకి రమ్మంటే రాదు, దాని నోటి దగ్గరికే మనం వెళ్ళాలి. ఇత్తడి పూస ఉన్న బరువైన గోధుమరంగు పురుగు కట్టాలి. రాళ్ళ కింద బతికే పిల్లపురుగులు అలాగే ఉంటాయట. నమ్మకపోతే రాయి తిప్పి చూడమన్నారు. తిప్పి చూశాను. నిజంగానే రాయికి అతుక్కుని కాళ్ళాడిస్తున్నాయి. ఛీ అని రాయి పడేసి, చేతులు మట్టితో తోముకున్నాను.

వసంతమంతా ఇత్తడి పూసలు అడుగునున్న కొమ్మలకి తగులుకుని తెగిపోయాయి. చేప మాత్రం పడలేదు. నేను మడత కుర్చీలో జలగల్ని దులుపుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి విసురుతూనే ఉండేవారు. తెలిసిన చోటు కాబట్టి అడుగులు తడబడేవి కావు. దూరంనుంచి చూస్తే కళ్ళున్నవాడనే అనుకుంటారు.

ఎండాకాలం వచ్చింది. పచ్చికంతా ఎండి పసుపైపోయింది, అడుగేస్తే మిడతలు. గాలికి అవి నీళ్ళలో పడతాయి, ఒడ్డునానుకుని చేపలు కాచుకుంటాయి. "ఇప్పుడు పెద్దది కట్టు. పసుపుది, కాళ్ళున్నది. చప్పుడయ్యేట్టు పడినా ఫరవాలేదు" అన్నారు. అది నాకు అర్థమైన భాష. పెద్ద పురుగు, పెద్ద చేప. కట్టాను. విసిరారు. నేను ఒడ్డున నిలబడి, చేప పురుగును అందుకోగానే "ఇప్పుడు" అని అరవాలి, ఆయన కర్ర లేపాలి. అదీ ఒప్పందం.

వచ్చింది. నీళ్ళు పగిలినట్టు లేచి పురుగును నోట పట్టింది. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. అరిచేసరికి అది ఉమ్మేసి పోయింది.

"ఆలస్యంగా అన్నావ్" అన్నారు ఆయన.

"నేనేమన్నా పుట్టినప్పట్నుంచి ఇదే పనిలో ఉన్నానా? అంత తొందరైతే మీ చేపను మీరే చూసుకోండి!" అనేశాను. మాట నోరు దాటాక తెలిసింది ఏమన్నానో. ఆయన కోప్పడలేదు. దారం చుట్టుకుని కారు వైపు నడిచారు. ఒడ్డున గడ్డిలో పాములుంటాయి, ఆగండి అన్నా ఆగలేదు. ఆ సాయంత్రం స్నానాల గదిలో కుళాయి విప్పి, నా నోటిని నేనే తిట్టుకుంటూ ఏడ్చాను.

తర్వాత ఆకులు రాలే కాలం. నది సగమైపోయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉంది. చేపలు కనిపిస్తున్నాయి! అదే నన్ను చంపింది. నీళ్ళలో పడి ఉన్న దుంగ నీడలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, తోకలు ఆడిస్తూ కళ్ళెదుటే ఉన్నాయి. పెట్టినదేదీ ముట్టవు. ఆయనేమో "నీళ్ళు తేటబడ్డాయి. చిన్నది కట్టు, ఇంకా చిన్నది" అంటారు. నేనేమో వినను. ఇంటికొచ్చినవాళ్ళకి అప్పడం ముక్క పెట్టి సరిపెట్టే అలవాటు మాకు లేదు. తినను అన్నవాళ్ళ విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి పోసే చేతులివి. ఎవరూ తినకపోతే మా ఇంట్లో అనుకునేది ఒకటే, వడ్డన చాల్లేదని. కాబట్టి ఇంకా పెద్దది కట్టాను. మిడత వద్దంటే పేడపురుగు, అదీ వద్దంటే జరీ తోక ఉన్నది. దుకాణంలో నదరుగా కనిపించినవన్నీ కొనుక్కొచ్చాను. ఒకటి విసిరి, నీళ్ళలో నాలుగడుగులు పోకముందే, ఆపండి, ఇంకోటి కడతాను అనేదాన్ని.

"మమ్, యూ కాంట్ ఫోర్స్-ఫీడ్ ఎ ఫిష్" అంది మా అమ్మాయి. యూనివర్సిటీకి సెలవని ఆ వారం తనూ మాతో వచ్చింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"నోర్ముయ్. నిన్ను అలాగే పెంచాను" అన్నాను.

అసలు సంగతి ఇంకొకటుంది. చిన్న పురుగు ముల్లు కన్నం నాకూ కనిపించదు. నాకూ చత్వారం వచ్చింది. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. మా ఇద్దరికీ ఉన్న రెండు జతల కళ్ళలో ఒకటి పోతుంటే, రెండోదీ అంతంతమాత్రమని ఎలా చెప్పను?

పోప్లార్ చెట్లు పూర్తిగా పసుపుపచ్చబడ్డాయి. పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకోవడం మొదలైంది. తిరిగి వచ్చే దారిలో ఆయన "ఇంకొక్కసారి వద్దాం. ఆ తర్వాత చలికి నా వేళ్ళు పనిచెయ్యవు" అన్నారు. కర్ర ఎవరికిద్దామో కూడా ఆలోచించి పెట్టుకున్నారు, పాత ఆఫీసులో ఒకాయన ఉన్నాడట. ఆ చివరి శనివారం బయలుదేరే ముందు మళ్ళీ పటం ముందు నిలబడ్డాను. ఈసారి నాకు మిగిలిన సుఖం ఒక్కటే, కాఫీ. పొద్దున్న డికాషను దిగే చప్పుడు వింటే గాని నేను మనిషిని కాను. చేప పడితే కాఫీ మానేస్తాను స్వామీ అన్నాను. సిగ్గేసింది. ముల్లు గుచ్చుకునేది ఒక ప్రాణికి, అది గుచ్చుకోవాలని మొక్కేది నేను. అయినా చేతులు దించలేదు.

ముందురోజు వాన పడి వెలిసింది. ఆ వేళకి రావలసిన చలి లేదు. ఉక్కగా, గాలి లేకుండా, మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం దాకా పెద్దవాటితోనే నెట్టుకొచ్చాను. ఏమీ లేదు. ఆయన వచ్చి ఒడ్డున నా పక్కన కూర్చున్నారు. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఇక చాల్లే అన్నట్టు దాన్ని చేత్తో నిమిరారు.

అంతలో ఆయన చెంప మీద తట్టుకున్నారు. "ఏంటిది, మొహం మీద ఏదో వాలుతోంది."

చూశాను. ఆయన చొక్కా మీద, నా చీర కొంగు మీద, గడ్డి మీద, చిన్న చిన్న నల్లటి ఒళ్ళు, పొడుగాటి తెల్ల రెక్కలు. ఎక్కణ్ణుంచి లేచాయో, గాలి నిండా అవే. తొలకరి పడ్డ సాయంత్రం మా ఇంట్లో ట్యూబులైటు చుట్టూ ఇలాగే ముసిరేవి. మా అమ్మమ్మ దీపం కింద గిన్నెలో నీళ్ళు పెట్టేది, అన్నీ అందులో పడి రెక్కలు అతుక్కుపోయి గిలగిల్లాడేవి. ఎగిరినంతసేపు పట్టదు పడటానికి. బల్లులు, పిచ్చుకలు, ఆఖరికి పక్కింటి కోళ్ళు కూడా వాటి కోసం ఎగబడేవి.

"ఉసిళ్ళండీ! మన ఉసిళ్ళలాంటివే!" అని అరిచాను.

ఆయన నిటారుగా అయ్యారు. "రెక్కల చీమలు. నీళ్ళలో పడుతున్నాయా?"

పడుతున్నాయి. నది నిండా పడి, రెక్కలు పరుచుకుని కొట్టుకుపోతున్నాయి. దుంగ నీడలోంచి చేపల మూతులు పైకొస్తున్నాయి, చిటుకు చిటుకుమని. అంత పెద్ద చేపలు, మిడతల్ని కన్నెత్తి చూడనివి, చీమల్ని ఒక్కొక్కటే ఏరుకు తింటున్నాయి. నా నెయ్యి గరిటెలన్నీ గుర్తొచ్చి తల కొట్టుకోవాలనిపించింది.

"పెట్టెలో మూల గడిలో ఉంటుంది. నల్లది, తెల్ల రెక్క ఉన్నది. అన్నిటికంటే చిన్నది" అన్నారు.

ఉంది. చీమంతే ఉంది. కళ్ళజోడు తీసి, పెట్టి, మబ్బు వైపు ఎత్తి పట్టుకుని దారం దూర్చబోతే పక్కకి పోతుంది. మళ్ళీ పోతుంది. వేళ్ళు వణుకుతున్నాయి. "నాకు కనిపించట్లేదండీ, నాకూ కనిపించట్లేదు" అని ఏడ్చేశాను చివరికి. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. వణుకు ఆగేదాకా పట్టుకున్నారు. దూరింది. ముడేశాను. "ముడి బిగించే ముందు ఉమ్ముతో తడుపు" అన్నారు. శనివారం ఒక్కపొద్దుండే నేను ఆ పురుగును నోటి దగ్గర పెట్టుకుని తడిపాను.

నీళ్ళలోకి దిగి ఆయన తల పక్కకి వంచి విన్నారు. "ఎటు?"

"ఎదురుగా. ఇంకాస్త కుడికి. దుంగ చివర."

దారం గాలిలో రెండుసార్లు ఊగి, ఆ చీమని దుంగ చివర వదిలింది. వేలాది నిజం చీమల మధ్య మా అబద్ధం చీమ. నేను దానిమీంచి చూపు తిప్పలేదు, రెప్ప కూడా వెయ్యలేదు. నల్లటి మూతి ఒకటి తొందర లేకుండా వచ్చి దాన్ని లోపలికి తీసుకుంది.

"ఇప్పుడు!"

కర్ర విల్లులా వంగింది. దారం చుట్టే చక్రం కీచుమంది. ఆయన నోటినుంచి చాలా కాలం తర్వాత ఒక కేక వచ్చింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని, పిడి ఉన్న చిన్న వల తీసుకుని, బూట్లతో సహా నీళ్ళలోకి దిగాను. అది ఇటు పరిగెడితే అటు, అటు పరిగెడితే ఇటు. చివరికి వలలోకి వచ్చింది. ముంజేయంత పొడుగు. బంగారపు ఒళ్ళు, దాని నిండా నల్లచుక్కలు, పక్కల్లో గుండ్రటి ఎర్రచుక్కలు, బొట్టు పెట్టినంత ఎరుపు. చేపని అందంగా చూడటం నాకు అదే మొదలు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు తడుపుకుని, దాన్ని రెండు చేతులతో నీళ్ళలోంచి మొహం ముందుకి ఎత్తుకున్నారు. జానెడు దూరం కూడా లేదు. అలా ఎదురుగా పట్టుకుని నన్ను అడిగారు:

"ఏది పడింది, బ్రౌనా, రెయిన్‌బోనా?"

ఎర్రచుక్కలుంటే బ్రౌన్ ట్రౌట్, ఒంటి మీద గులాబీ చార ఉంటే రెయిన్‌బో ట్రౌట్ అని నాకు నేర్పిందే ఆయన. పసిపిల్లాడైనా చెబుతాడు. గొట్టంలోంచి చూసేవాడైనా చెబుతాడు. గొట్టం ఎప్పుడు మూసుకుపోయిందో ఆయన నాకు చెప్పలేదు.

నేను వల పిడి గట్టిగా పట్టుకున్నాను. "బ్రౌన్" అన్నాను. "చుక్కలు ఎలా ఉన్నాయి?" అన్నారు. చెప్పాను. నల్లవి ఎక్కడెక్కడున్నాయో, ఎర్రవి ఎంత ఎర్రగా ఉన్నాయో, పొట్ట కింద వెన్న రంగు ఎలా మొదలవుతుందో అన్నీ చెప్పాను. గొంతు బాగానే ఉంచుకున్నాను. ఆయన ముల్లు తడుముకుని తీసి, చేపని నీళ్ళలోకి దించి చేతులు వదులు చేశారు.

"వెళ్ళిందా?"

వెళ్ళలేదు. అలిసిపోయి ఆయన అరచేతుల మధ్యే మొప్పలు ఆడిస్తూ ఉంది. "ఇంకా ఇక్కడే ఉంది" అన్నాను. ఆయన ఆ చల్లటి నీళ్ళలో కదలకుండా కూర్చున్నారు. కాసేపటికి తోక ఒకసారి విదిల్చి దుంగ నీడలోకి పోయింది. వెళ్ళిందని చెప్పాను.

కారులో హీటరు వేసి, ఫ్లాస్కు విప్పి ఒక కప్పు పోసి ఆయన చేతికిచ్చి మూత బిగించాను. ఆయన తాగలేదు. ఒక్క కప్పు పోసిన చప్పుడే విన్నారు మరి.

"నీది?"

"నేను మానేశాను."

"ఎప్పట్నుంచి?"

"ఇందాకట్నుంచి."

అర్థమైంది ఆయనకు. నవ్వబోయి ఆగారు. "పిచ్చిదానా, చేప కోసం మొక్కుకున్నావా? అదేదో నా కళ్ళ కోసం మొక్కుకోవచ్చుగా."

"కళ్ళకి మామిడిపండు వదిలేశాను" అన్నాను. "రెండేళ్ళయింది."

ఆయన చేతిలో కప్పు ఒరిగి కాఫీ ప్యాంటు మీద ఒలికింది. నేను కొంగుతో తుడుస్తూ, ఇక దాచుకోవడం నావల్ల కాక, ఆ భుజం మీద తలపెట్టి బిగ్గరగా ఏడ్చాను. చేప పడింది, కళ్ళు పోయాయి, కర్ర సంగతి ఏమిటో నాకింకా తెలీదు. ఆఖరికి కోపంగానే అడిగాను.

"కర్ర ఎవరికిస్తారో ఇప్పుడే చెప్పండి. దారిలో పడేసి పోతాను."

ఆయన తడుముకుంటూ కప్పు నా చేతిలో పెట్టారు. కళ్ళు తుడుచుకున్నారు.

"సెప్టెంబరులో నీళ్ళు నిండుగా వస్తాయి" అన్నారు. "ఇత్తడి పూసవి అన్నీ పోగొట్టాం. నాలుగు కొని ఉంచు."